భాషాబోధనమున మనశ్శాస్త్రము: ఢాకా నుండి మద్రాసు వఱకు

ఎవరి స్మృతికై మనమిచ్చట సమావేశమైతిమో ఆ మహనీయుడు ఆజీవనము పల్లెటూరి పాఠశాలలలో ఇంగ్లీషు చెప్పిన ఒజ్జ యగుటచే, ఆ వృత్తికి చెందిన చరిత్ర నొకదానిని విన్నవించుట యుచితమని తలంచితిని. మనశ్శాస్త్రము భాషాబోధనలోనికి ఏ త్రోవను వచ్చెను, వచ్చి ఎవరి మనస్సును పరిశీలించెను, ఎవరి మనస్సును చాలకాలము విస్మరించెను అనునదియే నేటి ప్రస్తావము.

నాటి అవిభక్త భారతదేశమున ఈ కథకు ఢాకా నగరమును ఆరంభస్థానముగా గైకొందును. అచ్చటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండిన మైకేల్ వెస్టు, వంగబాలురు ఏండ్లతరబడి ఇంగ్లీషు చదివియు ఒక చిన్న పుస్తకమునైనను సుఖముగా చదువలేకుండుట చూచి, వారి పఠనశక్తిని పరీక్షలతో కొలిచి, ద్విభాషిత్వమును గూర్చిన తన నివేదికను 1926లో ప్రకటించెను. బీమా పాలసీని నడుమ విడిచినవానికి కొంత సొమ్ము తిరిగి వచ్చునట్లు, నడుమ బడి మానిన బాలునికి చదివినంత మేరకు ఏమి దక్కునని ఆయన ప్రశ్నించెను. ఇంగ్లీషు మాటలాడువారే లేని యూరిలో రెండేండ్లు నేర్చిన సంభాషణము రెండు నెలలలో మఱపునకు వచ్చును. చదువ నేర్చినవానికో, ఆ నేర్పు కొంతయైనను నిలుచును. కావున చదువుటయే ముందనెను. బడి మానువానికి ఏమి దక్కునను ప్రశ్న విద్యావేత్తలు తఱచుగా వేయునది కాదు; అట్టివానిని తలచి పాఠ్యక్రమమును నిర్ణయించినవారు ఎందఱు?

తరువాత ఆయన పాఠ్యపుస్తకముల పుటలను విప్పి చూచెను. అయిదు మొదలు ఇరువది మాటలలోపున ఒక్కొక్క క్రొత్త పదము ఎదురగుచుండ, పిల్లవాడు వాక్యార్థమును పట్టుకొనులోపలనే మఱొక చిక్కు వచ్చి పడుచుండెను. వెస్టు తన వాచకములలో యాబది మాటలకు ఒక క్రొత్త పదము చొప్పున తగ్గించి, కావ్యములలో తప్ప కానరాని ప్రాచీన పదములను తొలగించి, వాడుకలోని వానిని నిలిపెను. (నా యీ యుపన్యాసము ఆయన కంటబడినచో సగము పదములు కొట్టివేసియుండును!) అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు థారన్‌డైకు 1921లో ప్రకటించిన పదివేల పదముల పట్టిక ఇట్టి యెన్నికకు ఆధారమయ్యెను. 1953లో వెలువడిన వెస్టుగారి సుమారు 2,000 పదముల పట్టిక ఆ కృషికి ఫలము.

అయినను ఒక లోపము గలదు. శిష్యుని మనస్సును ఇంత శ్రద్ధతో చూచిన యీ శాస్త్రము, గురువు మనస్సును చూడలేదు. పుస్తకము చక్కగా కుదిరినచో ఉపాధ్యాయుడు దానిని నడిపించుకొని పోవును గదా యని భావించినట్లు నాకు తోచుచున్నది. పిదప భాష యనగా అలవాటే, వాక్యనిర్మాణములను వరుసగా అభ్యసించుటచే అది కుదురును అను వాదము ప్రబలమయ్యెను. 1958లో హైదరాబాదున ఇంగ్లీషు బోధనకై కేంద్రసంస్థ వెలసెను. ఇంచుమించు ఆ కాలముననే మద్రాసు రాష్ట్రమున 27,000 మంది ఉపాధ్యాయులకు పునఃశిక్షణ మొసగ బూనిరి. కొందఱు నేర్చి మఱికొందఱికి, వారు ఇంకను పెక్కుమందికి నేర్పవలెను. ఈ పద్ధతిలో చివరనున్న పల్లె పంతులుకు అందినది వాక్యనిర్మాణముల వరుసయే కాని, ఆ వరుసకు హేతువు కాదు. అలవాటు వాదమును భాషాశాస్త్రజ్ఞుడు చామ్‌స్కీ 1959లోనే ఖండించెను గాని, ఆ ఖండనము మన తరగతి గదులకు చేరుట కెంతో కాలము పట్టెను.

మార్పు దక్షిణదేశముననే వచ్చినదని చెప్పుటకు సంతసించుచున్నాను. 1979 మొదలు 1984 వఱకు బెంగుళూరు, మద్రాసు మొదలగు పట్టణముల పాఠశాలలలో ఇంగ్లీషు బోధనావేత్త ఎన్. ఎస్. ప్రభుగారు నడపిన ప్రయోగమున వ్యాకరణపాఠమే లేదు. ఉపాధ్యాయుడు రైళ్ల వేళల పట్టికను నల్లబల్లపై వ్రాసి, ఏ బండి ఎప్పుడు బయలుదేరును, ఏది ముందు చేరునని తరగతి యంతటిని అడిగి, అందఱితో కలిసి సమాధానము సాధించి, అట్టిదే మఱొక పనిని ఒక్కొక్కరికి విడిగా ఇచ్చును. తరగతిలో కనీసము సగముమంది, ఇచ్చిన పనిలో కనీసము సగము చేయగలిగినచో ఆ పని తగిన కాఠిన్యము గలదని లెక్క. ఆలోచన అర్థముపై నిలిచియుండగా భాష తనంత తానే పట్టువడునని ప్రభుగారి విశ్వాసము.

అంతకన్న మిన్నయైన మాట ఆయన 1990లో చెప్పెను. ఉత్తమపద్ధతి యేదని వాదించుట వ్యర్థము. నేర్చుట యెట్లు జరుగునో, తన బోధ దాని కెట్లు తోడ్పడునో ఉపాధ్యాయునికి స్వానుభవముచే ఏర్పడిన నమ్మిక సజీవముగా నున్నదా, యాంత్రికమైపోయినదా యనునదియే ప్రశ్న యని ఆయన తాత్పర్యము. వెస్టు విడిచిన చోటు ఇచ్చట పూరింపబడినది.

మన శిక్షణ కళాశాలలలో మాత్రము విద్యామనశ్శాస్త్ర మనగా నేటికిని జంతువులపై జరిగిన ప్రయోగములే: పావ్లోవు కుక్క, థారన్‌డైకు పిల్లి, కోహ్లరు వానరము. పరీక్షాపత్రమున ఇన్ని జంతువులు సంచరించును గాని, అయిదవ తరగతి బాలు డొక్కడు కానరాడు. కావున కళాశాలలను నడుపు పెద్దలకు నా విన్నప మొక్కటే. పునశ్చరణ తరగతులలో సిద్ధాంతోపన్యాసములకు కేటాయించు కాలమున సగమైనను తీసి, ఉపాధ్యాయులు తాము చెప్పిన పాఠమును తోటివారి యెదుట నుంచి, ఏ పిల్లవాడు ఎక్కడ తడబడెనో, తామప్పు డేమి చేసిరో, ఏల అట్లు చేసిరో నిర్భయముగా చెప్పుకొనుటకు విడువుడు. ఆ చర్చలో మార్కులు వేయకుడు.