మనం తీసిన వీడియో – మన హక్కు



పోయిన సంక్రాంతి అయిన రెండు వారాలకు, నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. బేరికె దగ్గర పల్లె వాళ్లది. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. సెలవు దొరికితే సెల్‌ఫోనుతో తన ఊరి సంగతులు వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెడతాడు. గడప దాటుతూనే "అయివారా, మా అవ్వను ఎవరో ఎత్తుకొని పొయ్యిండారు" అన్నాడు. నా గుండె జారిపోయింది. తీరా విచారిస్తే అవ్వ ఇంట్లో క్షేమంగానే ఉంది. పోయింది ఆమె పాట.

అవ్వ రాగులు విసురుతూ పాడిన పాటను ఇతను ఏడు నిమిషాల వీడియో తీశాడు. మొదట్లో అవ్వ పేరు, ఊరి పేరు, చివర తన ఛానలు పేరు వేశాడు. నెల తిరక్కుండా అదే వీడియో ఇంకొకరి ఛానల్లో కనిపించింది. మొదలూ చివరా కోసేశారు. పైన "మరుగునపడిన రాయలసీమ పాట" అని రాసుకున్నారు. ఇతని దగ్గర చూసినవాళ్లు వందల్లో ఉంటే అక్కడ లక్ష దాటారు. మరో రెండు చోట్ల కూడా అదే వీడియో ఉంది. లక్షమంది చూస్తే వచ్చే రాబడి పోయిందనే బాధ అతనికి లేకపోలేదు. కానీ మళ్లీ మళ్లీ అన్నది వేరే మాట: "మాది రాయలసీమ కాదు కదా అయివారా, కృష్ణగిరి జిల్లా కదా!"

సరిహద్దులో ఉన్న మీకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. సూళగిరిలో, తళిలో, వేపనపల్లిలో తెలుగు ఇంటిభాషగా ఉన్నదని బయటివాళ్లకు తెలిసే దారులే తక్కువ. ఉన్న ఒక దారిలోనూ మన ఊరి పేరును కత్తిరించి పారేస్తే ఎలా?

నేను వకీలును కాను, రెండు భాషల్లో పాఠాలు చెప్పుకునే పంతులును. అయినా ఆ అబ్బాయి కోసం కొంత చదివాను, తెలిసినవారిని అడిగాను. తెలుసుకున్నది మీకూ పనికొస్తుందని చెబుతున్నాను.

మన దేశంలో కాపీరైటు చట్టం 1957లో వచ్చింది. ఆ చట్టం లెక్కలో వీడియో కూడా సినిమా కిందికే వస్తుంది. కోట్లు పెట్టి తీసినదానికీ, పొలంగట్టున సెల్‌ఫోనుతో తీసినదానికీ హక్కు ఒకటే. రిజిస్టరు చేయించుకుంటే సాక్ష్యానికి బలం. చేయించకపోయినా తీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. బయటపెట్టిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు అది నిలుస్తుంది. "ఇంటర్నెట్‌లో పెట్టావు గనుక అందరిదీ" అనే మాటకు చట్టంలో ఆధారం లేదు.

ఇక్కడ అబ్బాయికి ఒక సందేహం వచ్చింది, మంచి సందేహమే. పాట అవ్వ కట్టింది కాదు, వాళ్ల అమ్మమ్మ నాటిది; మరి హక్కు ఎక్కడిది? నిజమే, ఆ జానపద గీతం అతని సొంతం కాదు. నాచారం నుంచి నగరి దాకా ఎవరైనా పాడుకోవచ్చు, తీసుకోవచ్చు. కానీ ఇతను తీసిన ఆ వీడియో ఇతనిది. పాడిన అవ్వకూ వేరే హక్కు ఉంది. 2012లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం, పాడినవారు తమ పేరు చెప్పాలని అడగవచ్చు; తమ పరువుకు భంగం కలిగేలా కోసి అతికితే అభ్యంతరం చెప్పవచ్చు. ఈ సంగతి విని అవ్వ ఎంత నవ్విందో!

మరి విమర్శకూ, వార్తకూ కొంత వాడుకోకూడదా? వాడుకోవచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. ఒక ముక్క చూపించి దానిమీద మాట్లాడటం వేరు, ఏడు నిమిషాలూ ఎత్తి పెట్టుకోవడం వేరు.

ఇక ఫిర్యాదు సంగతి. 2013 నాటి కాపీరైటు నిబంధనల ప్రకారం, హక్కుదారు రాతపూర్వకంగా తెలిపితే, ఆ వివరాలు సరైనవని తోచినప్పుడు, సైటువారు 36 గంటల్లో ఆ వీడియోను మూయాలి. అయితే అది 21 రోజులకే. ఆలోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరుచుకోవచ్చు. దావా వేస్తానని ఫిర్యాదులోనే హామీ కూడా ఇవ్వాలి. పల్లెలో కూర్చుని వీడియో తీసేవాడికి ఇది మోయలేని బరువని నా అభిప్రాయం. ఒక్క మేలు ఏమంటే, దావాకు హైదరాబాదో ఢిల్లీయో పరుగెత్తనక్కరలేదు. హక్కుదారు తాను నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేయవచ్చునని 62వ సెక్షను చెబుతోంది.

యూట్యూబు వంటి పెద్ద సంస్థలు సొంతంగా ఒక ఫారం పెట్టాయి. అమెరికాలో 1998లో వచ్చిన చట్టాన్ని అనుసరించినది అది. మనకు ఆ దారే సులువు. ఫిర్యాదు నిలబడితే వీడియో పోతుంది, పెట్టినవారికి ఒక స్ట్రైకు పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానలుకే ముప్పు. అవతలివారు "ఇది నాదే" అని ఎదురు రాస్తే మాత్రం, పది పనిదినాల్లో మీరు కోర్టుకు వెళ్లినట్టు చూపాలి. ఫారంలో అబద్ధం రాస్తే చిక్కు మీకే.

ఫిర్యాదులో "నా వీడియోలన్నీ దొంగిలించారు" అని రాస్తే చాలదు. ఏ వీడియో, ఎక్కడ ఉంది, దాని లింకు ఏది, ఒక్కొక్కటీ విడిగా రాయాలి. మైస్పేస్ కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే: ఫలానాది అని తెలిపితే తప్ప సైటువారిని తప్పుపట్టలేము అని. ఫోనులోని అసలు ఫైలును మాత్రం చెరపవద్దు. మా అబ్బాయి జాగా చాలలేదని సగం చెరిపేశాడు! మిగిలిన సగమే అతన్ని కాపాడింది.

తెలిసి చేసిన దొంగతనానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. 2013లో 'అత్తారింటికి దారేది' విడుదల కాకముందే సగం సినిమా బయటికి పొక్కినప్పుడు పోలీసులు కదిలారు. ఐబొమ్మ సైటు వ్యవహారంలో 2025 నవంబరులో హైదరాబాదులో అరెస్టు జరిగింది. సినిమావాళ్ల వెనక సంఘాలున్నాయి, వకీళ్లున్నారు. అవ్వ వెనక మనవడొక్కడే.

ఒక మాట దాచకుండా చెబుతాను. ఆ సాయంత్రం నా ఫోను తీసి చూసుకున్నాను. పిల్లలకు చూపించడానికి దాచుకున్న వీడియోల్లో సగానికి తీసినవారి పేరు లేదు. వాట్సాప్‌లో వచ్చాయి, వాట్సాప్‌లో పంపాను. ఇతనికీ ఒక లోపం ఉంది: పాత వీడియో ఒకదానికి వెనక సినిమా పాట పెట్టాడు, పాట హక్కుదారుల నుంచి అభ్యంతరం వచ్చింది. అప్పుడు అతనికి కోపం వచ్చిందట. ఇప్పుడు తానే ఫిర్యాదు రాస్తున్నాడు!

ఇద్దరం కూర్చుని ఫారం నింపాము. లక్షమంది చూసిన ఛానలువారు వారం లోపలే ఫోను చేశారు. వీడియో తీసేస్తామన్నారు, లేదంటే పేర్లు వేసి ఉంచుకుంటామన్నారు. ఏది కావాలో అవ్వనే అడగమన్నాను. "నా పేరు రాస్తే రాయనీ, లేకుంటే పోనీ. ఊరి పేరు మాత్రం సరిగ్గా రాయమను" అన్నదట ఆమె. రాశారు. ఒక అక్షరం తప్పు పోయింది, దిద్దమని మళ్లీ చెప్పాడు. మిగతా రెండు చోట్ల ఇంకా జవాబు రాలేదు. వచ్చే ఆదివారం వాటికి రాయాలి.