బొమ్మ మీదే, మరి హక్కులు?



కొత్త ఇంటి గోడకు మంచి పెయింటింగ్ ఒకటి కొన్నారనుకోండి. గ్యాలరీ వాళ్లు రసీదుతో పాటు ఇంగ్లీషులో ఆరు పేజీల ఒప్పందం చేతికిచ్చారు. చూపించిన చోటల్లా సంతకం పెట్టి, బొమ్మ తెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి అమ్మాయి పెళ్లి కుదిరింది. శుభలేఖ మీద అదే బొమ్మ అచ్చు వేయిద్దామనుకున్నారు. చిత్రకారుడి అనుమతి లేకుండా వేయించకూడదండీ! కాన్వాసు మీ సొంతమే గానీ, దాన్ని అచ్చు వేసే హక్కు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా చిత్రకారుడిదే. రాతపూర్వకంగా రాసిస్తే తప్ప అది చేతులు మారదు. ఈ సంగతి ఆ ఆరు పేజీల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. నాలుగో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నదాన్ని మీకు చెప్పినట్టు ఎలా లెక్కేస్తాం?

సంతకం పెట్టే మనిషికి అర్థమయ్యేలా ఒప్పందాన్ని రాయడం, కాగితం మీద పేర్చడం ఇప్పుడొక విద్య. లీగల్ డిజైన్ అంటున్నారు. దక్షిణాఫ్రికాలో రాబర్ట్ డి రూయ్ అనే న్యాయవాది పండ్లతోటల కూలీల కోసం పని ఒప్పందాన్ని బొమ్మల కథలా తయారు చేయించారు. చదువు రానివాళ్లూ దేనికి ఒప్పుకుంటున్నారో చూసి తెలుసుకోవాలని ఆయన తపన. అంత శ్రద్ధ, కష్టార్జితం పోసి బొమ్మ కొనేవాళ్ల విషయంలో ఎందుకు ఉండకూడదు?

నన్నడిగితే మొదటి పేజీని నిలువునా రెండు భాగాలు చేయాలి. ఎడమవైపు మీకు వచ్చేవి: ఈ బొమ్మ, అసలుదేనని చిత్రకారుడి సంతకంతో పత్రం, మళ్లీ అమ్ముకునే వీలు. కుడివైపు రానివి: ప్రింట్లు, క్యాలెండర్లు వేసుకోవడం, చిత్రకారుడి పరువుకు భంగం కలిగేలా బొమ్మను మార్చడం.

ఈ ఆఖరిది తేలిగ్గా తీసుకోకండి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో గోడ నుంచి ఊడదీసి గోదాములో పడేశారు. చేయించుకున్నది ప్రభుత్వమే. అయినా మిగిలిన ముక్కల్ని శిల్పికి తిరిగివ్వమనీ, 5 లక్షల రూపాయల నష్టపరిహారం కట్టమనీ 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది.

మళ్లీ అమ్మేటప్పుడూ ఒక మెలిక ఉంది. అసలు చిత్రం 10,000 రూపాయలు దాటి అమ్ముడైతే, కాపీరైట్ చట్టం 53ఏ సెక్షన్ కింద చిత్రకారుడో వారసులో వాటా అడగవచ్చు. ఆ వాటా 10 శాతం మించదు. సెక్షన్ నంబరు రాసి వదిలేస్తే ఎవరికీ ఎక్కదు. "మీరు దీన్ని 2 లక్షలకు అమ్మితే చిత్రకారుడి వాటా 20,000 దాకా ఉండవచ్చు" అని రాస్తే పదో తరగతి పిల్లకు కూడా తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపుదామని పాత చిత్రం కొంటున్నారా? రాజా రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ వంటి కొందరి చిత్రాలను 1972 నాటి చట్టం కింద కళానిధులుగా ప్రకటించారు. మనబోటివాళ్లం వాటిని దేశం దాటించకూడదు. ఆ మాట ధర పక్కనే కనిపించాలి.

ఇంకొకటి. ఒప్పందం తెలుగులోనూ అడగండి. రెండు ప్రతుల మధ్య తేడా వస్తే ఏది చెల్లుతుందో అందులోనే రాయించుకోండి. కొన్నవాళ్లకు మేలు చేసే అర్థమే తీసుకుంటామని రాయడం న్యాయం, ఎందుకంటే కాగితం తయారు చేసింది అమ్మేవాళ్లు. కాదంటే ఎందుకు కాదో అడగండి, అడ్వాన్సు ఇవ్వకముందే.