బస్సు మారినవాడు ఏమి మార్చాడు?
(నాతవరంలో చేసిన స్మారకోపన్యాసం)

ఆంగ్లంలోని ‘ఛేంజ్’ అనే క్రియ అకర్మకంగానూ సకర్మకంగానూ, అంటే తనంతట జరిగే పనికీ ఒకరు చేసే పనికీ, ఒకే రూపంతో నిలుస్తుంది. తెలుగు మొదటిదానికి ‘మారు’ అనీ, రెండోదానికి ‘మార్చు’ అనీ, ఫలం కర్తకే చెందితే ‘మార్చుకొను’ అనీ వాడుతుంది. పాలు విరిగినా, పాకం ముదిరినా, గుడ్డ రంగు వెలిసినా తెలుగుకు ‘మారు’తో పనే లేదన్నదీ తెలిసిన సంగతే కనుక దానిపై కాలం వెచ్చించనక్కరలేదు.

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైనదో ఆ తెలుగు పండితులు ఇక్కడి పిల్లలకు సంధులూ సమాసాలూ నేర్పి పుణ్యం కట్టుకున్నారు. ఈ గౌరవానికి వక్త కృతజ్ఞుడే. అయితే ‘నర్సీపట్నంలో బస్సు మారితిమి’ అని వ్యాసంలో కనబడితే వారు ఎర్రసిరాతో ‘బస్సును మార్చితిమి’ అని దిద్దేవారు, అలా దిద్దిన కాగితాల్లో ఒకటి వక్తది. ఆ దిద్దుబాటు తప్పు.

దానికి ఆధారం లేకపోలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) జడవాచకాలకు ద్వితీయ బదులు ప్రథమ రావచ్చునంటుంది. ‘అన్నం తిన్నాడు’లో ‘అన్నం’ రూపానికి ప్రథమే అయినా అర్థానికి కర్మ. ‘బస్సు’ కూడా అలాంటి కర్మే కనుక సకర్మకమైన ‘మార్చు’ రావాలన్నది పండితుల వాదం. వినడానికి సబబుగానే ఉంటుంది గాని, లోపించిందన్న ప్రత్యయాన్ని తిరిగి తగిలించి చూస్తే నిలవదు: ‘అన్నాన్ని తిన్నాడు’ అనవచ్చు, ‘బస్సును మారాడు’ అని తాండవ జలాశయం నుంచి తుని దాకా ఎవరూ అనరు. పైగా ‘ఒక బస్సులోనుంచి ఇంకో బస్సులోకి మారాడు’ అని విడదీస్తే అక్కడున్నది కర్మ కాదనీ, అధికరణం, అంటే ఉండే చోటు, అనీ తేలుతుంది. ఇల్లు మారడం, బడి మారడం, పార్టీ మారడం ఈ కోవవే (చివరిదాన్ని పత్రికలు ‘ఫిరాయింపు’ అంటాయి, రచ్చబండ మాత్రం అనదు). ఒకే బస్సులో డ్రైవరు గేరు మారుస్తాడు, ప్రయాణికుడు బస్సు మారతాడు. బండి చెడిపోయి డిపోవారు వేరే బండి పంపితే అప్పుడు బస్సును మార్చినది డిపో. పండితుల దిద్దుబాటు ఆ పనిని పిల్లలకు అంటగట్టింది. ఆంగ్లం ఎక్కినదాన్నీ దిగినదాన్నీ లెక్కగట్టి ‘ఛేంజ్ బసెస్’ అని బహువచనం పెడుతుంది. తెలుగుకు ఒక్కటే చాలు.

కదలనిదానికి ఇది ఎలా పొసగుతుందని ఆక్షేపించవచ్చు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడి, అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న నాతవరం మండలం అందులో చేరినప్పుడు ‘జిల్లా మారాం’ అన్నవారెవరూ గుమ్మం దాటలేదు. చోటు అంటే నేలే కానక్కరలేదు, చెందడం కూడా చోటే.

వక్త ప్రస్తుతం కూరుస్తున్న ఆంగ్ల–తెలుగు క్రియాకోశంలో ‘ఛేంజ్’ ఆరోపాన్ని, అంటే ఆ పదం కింది పద్దును, అందుకే కదిలేదెవరు, నిలిచేదేమిటి అన్న ప్రశ్నపై విభజించాడు. ఒక్క చీటీ మాత్రం ఏ అరలోనూ ఇమడలేదు: దారి కూడా చోటే అయినా ‘దారి మారాడు’ అనరు, ‘దారి మళ్లాడు’ అంటారు, మనిషి దారిలో నడుస్తాడే గాని ఉండడు గనుక కాబోలు.