వంశవృక్షముల ప్రామాణ్యము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



పూర్వము మన పల్లెలలో వంశక్రమమును చదువుటకు భట్రాజులు, పిచ్చుకుంట్లవారు ఉండిరి. చదివినవాడెవడో ఊరివారెరుగుదురు; తప్పు చెప్పినచో అచ్చటనే దిద్దుదురు. నేడు అంతర్జాలమున వ్యాపించుచున్న వంశవృక్షములకు ఆ దిద్దుబాటు లేదు. ఒకరు వ్రాసినదానిని పదుగురు ఎత్తి వ్రాసికొన్నంతమాత్రమున పదిమంది సాక్షులు కారు.

దృష్టాంతమునకు పరులను వెదకనక్కరలేదు. నిరుటి సంచికలో మేమే ఒక శాఖను ‘నిస్సంతు’ అని ప్రకటించితిమి. అంతర్జాలమున మూడు వృక్షములు అట్లే చెప్పుటచే నమ్మితిమి. మూడును ఒక్కదానికే ప్రతులని పిదప తెలిసినది. ఆ యింట మగబిడ్డలు లేకుండిరి గాని, కుమార్తె యొకతె యుండెను. ఆమె మునిమనుమలు ఆ సంచికను చేతబట్టుకొని వచ్చి, “మేము లేనివారమా?” అని యడిగిరి. ఆమెకు తండ్రి పసుపుకుంకుమల క్రింద భూమి వ్రాసియిచ్చిన రిజిస్టరు దస్తావేజును మా ముందుంచిరి. అందు ‘నా కుమార్తె’ అని స్పష్టముగా నున్నది. వారు నేడీ సభయందున్నారు. వారికి బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనుచున్నాము.

తప్పులు పుట్టు త్రోవలు మరికొన్ని గలవు. తాతపేరు మనుమనికి పెట్టుట మన యాచారమగుటచే ఇద్దరొక్కరగుదురు. దత్తపుత్రుడు జనకుని యింటను, దత్తత గొన్న యింటను వేర్వేరు మనుష్యులుగా కనబడును. 200 ఏండ్లలో 12 తరములు చూపిన వృక్షమును చూచితిమి. తరమునకు 17 ఏండ్లైన రావు.

గతించినవారు వివాదము పుట్టకమునుపు వ్రాసియుంచిన వంశావళిని 1872 నాటి సాక్ష్యచట్టము 32వ సెక్షనున సాక్ష్యముగా గైకొనెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ నియమమునే నిలిపినది. మనకును అదియే మార్గము.

కావున ప్రతి పేరు ప్రక్కను ఆధారమును వ్రాయుడు. దస్తావేజులు, జనన మరణ రిజిస్టర్లు, ఇనాము గల కుటుంబములకు 1858లో నేర్పడిన ఇనాము కమిషను రిజిస్టర్లు, గయా కాశీ క్షేత్రములందలి పండాల పుస్తకములు చూడదగినవి. పెద్దలవలన విన్నదైనచో, చెప్పినవారి పేరు వ్రాయుడు. తెలియనిచోట ఖాళీ విడువుడు. దానిని రేపు మనుమలు పూరింపగలరు. ఆడపడుచుల సంగతి విచారింపక ‘నిస్సంతు’ అని మాత్రము వ్రాయకుడు.

మీ పెట్టెలలోని పాతకాగితములను చూపి తోడ్పడవలసినదిగా పోషకమహాశయులను ప్రార్థించుచున్నాము. వచ్చు సంచికయందు ఆ తల్లి పేరును, ఆమె సంతతివారి పేర్లును మొదటి పుటలో ప్రకటింతుము.