పాఠం ఒక్కటే - దారులు వేరు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



"డి.ఎ. బకాయిల గురించి, పి.ఆర్.సి. గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు మాస్టారూ, మీరు చదువుల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. ముప్పై అయిదేళ్ళు సుద్దముక్క పట్టినవాణ్ణి, చదువు గురించి చెప్పమంటే కాదంటానా? అయితే ఈరోజు నేను చెప్పబోయేది బోధించిన విషయం కాదు, రిటైరయ్యాక నేర్చుకున్న విషయం. ఇంగ్లీషు ఇంకా రాని పిల్లలకు, వినికిడి, చూపు వంటి లోపాలున్న పిల్లలకు పాఠాన్ని ఎలా అమర్చి చెప్పాలి అన్నది ఆ విషయం. మన పిల్లలు అమెరికాలో ఉన్నారు, మనవలు అక్కడి బడులలో చదువుతున్నారు. ఇక్కడున్న మనవలు కూడా ఇంగ్లీషు మీడియంలోనే చదువుతున్నారు. కనుక ఇది మన ఇంటి విషయమే.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1978 ప్రాంతంలో నేను ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతుండగా ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. పొడుగరి కనుక వెనుక బెంచీలో కూర్చోబెట్టాను. బోర్డు మీద 3 వేస్తే వాడు పుస్తకంలో 8 వేసేవాడు. లేచి బోర్డు దగ్గరకు వస్తే "కుదురు లేదా?" అని కసిరేవాణ్ణి. మొద్దు అన్నాను, బెత్తం కూడా వాడాను. అర్ధ సంవత్సర పరీక్షల లోపలే వాడు బడి మానేశాడు. చాలా ఏళ్ళ తర్వాత బస్టాండులో ఒకాయన మందపాటి కళ్ళద్దాలతో వచ్చి నమస్కారం పెట్టి, "మీ ముఖం ఇప్పుడు సరిగ్గా కనబడుతోంది మాస్టారూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడికి కావలసింది ముందు బెంచీ, ఒక జత కళ్ళద్దాలు. అంతే.

ఇక రెండో కథ. మా అమ్మాయి, అల్లుడు 2016లో అమెరికా వెళ్ళారు. అప్పటికి మా మనవడికి ఆరేళ్ళు. ఇంట్లో తెలుగే. అక్కడి బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో వ్రాసి ఇమ్మంటారు. దానినిబట్టి పరీక్ష పెట్టి, మావాణ్ణి ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల జాబితాలో చేర్చారు. రెండేళ్ళు గడిచినా చదువు ముందుకు సాగలేదు. మాటల చివర 's' శబ్దం పలకడు, వ్రాయడు. ఒకటి చెబితే మరొకటి చేస్తాడు. "ఇంగ్లీషు ఇంకా పట్టుబడలేదు, వస్తుంది, ఆగండి" అనేది టీచరు. ఆవిడ మంచి మనిషే. తెలుగు మాట్లాడడం మానేస్తే తొందరగా వస్తుందేమోనని ఎవరో సలహా ఇస్తే, మా అమ్మాయి ఇంట్లో కూడా ఇంగ్లీషు మొదలుపెట్టింది.

2018లో మేమిద్దరం వెళ్ళాం. పది రోజులు గడిచాయో లేదో, మా ఇంటావిడ ఒకనాడు "ఏవండీ, వీడికి ఇంగ్లీషు కాదండీ రానిది. వెనకనుంచి పిలిస్తే తెలుగులో కూడా పలకడం లేదు. ఎదురుగా నిలబడి చెబితేనే వింటున్నాడు" అంది. నేను కొట్టిపారేశాను. ఆవిడ ఊరుకోలేదు. వాడు బొమ్మలతో ఆడుకుంటుంటే వెనక నిలబడి మామూలు గొంతుతో "లడ్డూ కావాలా?" అని అడిగింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎదురుగా వచ్చి అడిగితే చేయి చాపాడు. లడ్డూకి పలకని పిల్లవాడికి చెవి సంగతి చూడక తప్పదు గదా!

డాక్టరు పరీక్ష చేసి చెప్పిందేమిటంటే, రెండు చెవులలోనూ హెచ్చుస్థాయి శబ్దాలు సరిగా అందడం లేదు. అంటే గొంతు వినబడుతుంది కాని 'స', 'ఫ' వంటి అక్షరాలు జారిపోతాయి. ఇంగ్లీషులో బహువచనం ఎక్కువగా ఆ 's' మీదే కదా! వినబడని శబ్దాన్ని పిల్లవాడు పలకడు. బయటివారికి మాత్రం అది భాష రాకపోవడంలాగే కనబడుతుంది. ఆ బడిలో ఎవరూ చెడ్డవారు కారు. కాని ఒక లోటు మరొక లోటును దాచిపెట్టింది.

దీనికి తలక్రిందుగా జరిగిన అన్యాయం కూడా ఉంది. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే ఇళ్ళ పిల్లలకు ఇంగ్లీషులో బుద్ధి పరీక్షలు పెట్టి, మందబుద్ధులని ముద్ర వేసి ప్రత్యేక తరగతులకు పంపేవారు. 1970లో తొమ్మిదిమంది పిల్లల తరపున డయానా అనే పేరుతో కేసు నడిచింది. వాళ్ళ భాషలో మళ్ళీ పరీక్షిస్తే చాలామంది మామూలు పిల్లలేనని తేలింది. అక్కడ భాష లోటును బుద్ధి లోటనుకున్నారు. మా మనవడి విషయంలో చెవి లోటును భాష లోటనుకున్నారు. రెంటిలోనూ నష్టపోయింది పిల్లవాడే.

ఆ తర్వాత 1974లో అమెరికా సుప్రీంకోర్టు లౌ కేసులో ముఖ్యమైన తీర్పు చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీయుల పిల్లలు సుమారు 1,800 మందికి భాషలో ఏ సహాయమూ లేకుండా పాఠాలు చెప్పుకుపోతున్నారు. అందరికీ అదే పుస్తకం, అదే పంతులు, అదే గది ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదని, అర్థం కాని పిల్లవాడికి చదువు అందనట్లేనని ఆ తీర్పు సారాంశం. 1975లో అంగవైకల్యం గల పిల్లలందరికీ ఉచితంగా, తగిన చదువు ఇవ్వాలనే చట్టం వచ్చింది. ఇప్పుడు దానిని ఐ.డి.ఇ.ఎ. చట్టమంటారు. దాని ప్రకారం అర్హత గల ప్రతి పిల్లవాడికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక వ్రాయాలి. తల్లిదండ్రులు కూడా ఆ సమావేశంలో కూర్చుంటారు. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు దుబాసీని బడివారే ఏర్పాటు చేయాలి. కేవలం ఇంగ్లీషు రాకపోవడాన్ని వైకల్యంగా లెక్క కట్టకూడదు. "ముందు ఇంగ్లీషు రానివ్వండి, తర్వాత పరీక్షిద్దాం" అని వాయిదా వేయకూడదని, రెండు సహాయాలూ కావలసిన పిల్లవాడికి రెండూ ఇవ్వాలని 2015 జనవరిలో అక్కడి విద్యా, న్యాయ శాఖలు కలిసి బడులకు స్పష్టం చేశాయి.

మా అమ్మాయి బడికి ఉత్తరం వ్రాసింది. తల్లిదండ్రులు సమ్మతి ఇచ్చిన నాటి నుండి 60 రోజులలో పరీక్ష పూర్తి చేయాలని చట్టం. రాష్ట్రాలు వేరే గడువు పెట్టుకోవచ్చు. పిల్లవాణ్ణి ఎరిగినవారిని సమావేశానికి తీసుకురావచ్చు అంటే, మా ఇంటావిడను తీసుకువెళ్ళారు. ఎస్.ఎస్.ఎల్.సి. దగ్గర ఆగిపోయిన మనిషి, ఆరుగురు ఉద్యోగుల ముందు కూర్చుని లడ్డూ సంగతి తెలుగులో చెప్పింది. అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళు వ్రాసుకున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ తర్వాత వాడికి పాఠం ఎలా మార్చారు? నేను స్వయంగా చూసినది చెబుతాను. పాఠం నీటి చక్రం. నీరు ఆవిరి కావడం, మేఘం కావడం, వాన కురవడం. ఏ దేశంలోనైనా ఇదే పాఠం. వాడికి వినికిడి యంత్రాలు వచ్చాయి. టీచరు మెడలో చిన్న మైకు తగిలించుకుంటుంది, ఆవిడ మాట నేరుగా వాడి చెవిలోకి వెళుతుంది. బోర్డు వైపు తిరిగి మాట్లాడకుండా పిల్లల వైపు తిరిగి చెబుతుంది. అది చెవి కోసం. ఇక భాష కోసం, పాఠంలోని ముఖ్యమైన మాటలు ఆరో ఏడో బొమ్మలతో సహా ముందురోజే ఇంటికి పంపుతారు. "ఎండకు నీరు ..... అవుతుంది" అన్నట్లు సగం వాక్యాలు ఇచ్చి పూర్తి చేయమంటారు. పరీక్షలో పేజీ వ్యాసం బదులు బొమ్మ గీసి భాగాలకు పేర్లు వ్రాసి, నోటితో వివరించమంటారు. సమయం కొంచెం ఎక్కువ ఇస్తారు.

గమనించండి. నీటి చక్రాన్ని వాడికి సగం చేసి చెప్పలేదు. తక్కినవారు నేర్చుకున్నదంతా వాడూ నేర్చుకోవాలి. మార్చింది దారిని, గమ్యాన్ని కాదు. బుద్ధిమాంద్యం వంటి తీవ్రమైన లోపాలున్న కొద్దిమందికి గమ్యాన్ని కూడా మార్చవలసి వస్తుంది, అది వేరే మాట. దారి మారిస్తే చాలినవాడికి గమ్యాన్ని తగ్గించడం దయ కాదు, వాడి చదువును కత్తిరించడమే.

"ఇది ఊరికే మార్కులివ్వడం కాదా?" అని మనలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఏటా మనందరం జీవన ప్రమాణ పత్రం ఇస్తాం. మంచం మీదున్న మన మిత్రుల ఇంటికి ఇప్పుడు పోస్టుమాన్ వచ్చి వ్రేలిముద్ర తీసుకుంటున్నాడు. వారికి సర్టిఫికెట్ మినహాయించారా? లేదు. బ్రతికి ఉన్నామని అందరిలాగే వారూ రుజువు చేయాలి. చేసే దారి మాత్రం మారింది. కళ్ళద్దాలు పెట్టుకుని పేపరు చదివినవాణ్ణి కాపీ కొట్టాడని ఎవరైనా అంటారా?

మన దగ్గర మాటేమిటి? 2009 విద్యాహక్కు చట్టం తర్వాత, 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఏడు రకాల వైకల్యాల స్థానంలో 21 రకాలను గుర్తించారు. చదవడం, వ్రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. పాఠ్యాంశాలలోను పరీక్షలలోను తగిన మార్పులు చేయాలని, అదనపు సమయం, వ్రాసిపెట్టే మనిషి, రెండవ, మూడవ భాషల మినహాయింపు వంటివి ఇవ్వాలని దానిలో 17వ సెక్షన్ చెబుతోంది. మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. ఇక భాష సంగతి. ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మీడియం వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి, తెలంగాణలో 2022-23 నుండి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చువేశారు. మంచి పనే. కాని ఆ తెలుగు పేజీని ఎవరైనా పిల్లవాడితో చదివించాలి కదా! చట్టం కాగితం మీద ఉంటే చాలదని ఫైళ్ళు తిప్పిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కనుక మనం చేయగలిగిన పనులు నాలుగు మనవి చేస్తాను.

ఒకటి. మనవలతో తెలుగులో మాట్లాడండి. రేపటి పాఠం ఈ రాత్రి తెలుగులో కథగా చెప్పండి. విషయం తెలిసినవాడికి కొత్త భాషలో మాటలు దొరకడం తేలిక. ఆటపాటల ఇంగ్లీషు రెండేళ్ళలో వస్తుంది కాని, పాఠాల ఇంగ్లీషుకు అయిదు నుండి ఏడేళ్ళు పట్టవచ్చని కెనడా పండితుడు జిమ్ కమ్మిన్స్ చాలాకాలం క్రితమే చెప్పాడు. తొందరపడి తెలుగు మాన్పించకండి.

రెండు. కనిపెట్టండి. ఇబ్బంది ఒక్క ఇంగ్లీషులోనేనా, తెలుగులో కూడా ఉందా? తెలుగులో చక్కగా కథ చెప్పే పిల్లవాడికి కావలసింది భాష సహాయం. తెలుగులో కూడా తడబడుతుంటే చెవి, కన్ను, చదివే తీరు పరీక్ష చేయించాలి. ఈ తేడా బడిలో పంతులుకు తెలియకపోవచ్చు. అమ్మమ్మకు, నాయనమ్మకు, తాతయ్యకు తెలుస్తుంది.

మూడు. నోటిమాటతో సరిపెట్టకండి. చూసినది తేదీతో వ్రాయించండి, దరఖాస్తు ఇప్పించండి, నకలు దగ్గర ఉంచండి. ఇది మనకు వెన్నతో పెట్టిన విద్య.

నాలుగు. మొద్దు అనే మాట నోట రానివ్వకండి. ఆ మాట అన్నవాడిగా చెబుతున్నాను.

మా మనవడు ఇప్పుడు హైస్కూలులో ఉన్నాడు. ఫస్టు ర్యాంకు కాదు, మామూలుగా చదువుతున్నాడు. ఆ మామూలు కోసమే మేమంతా పాటుపడ్డాం. వారానికొకసారి ఫోనులో "తాతయ్యా, కొంచెం నిదానంగా చెప్పు" అంటాడు. నిదానంగా చెబుతాను. 1978లో నాకు చేతకాని పని అదే.