వాల్వు లీకు ఉన్నవారు నడవవచ్చా?

పూజ కాగానే కూర్చోబెట్టాం, ప్రసాదం చల్లారేలోపే ముగిస్తాం.

మా ఆరోగ్య కమిటీని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. "నాన్నగారి గుండె బలహీనపడిందన్నారు, వాల్వు కూడా లీకవుతోందట. నడవనివ్వచ్చా?" అడిగేలోపే ఆయన్ను సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు కూడా చేతికందిస్తున్నాం. ప్రేమతోనే. కానీ కదలని కాళ్ళలో కండ తగ్గిపోతుంది, నాలుగు మెట్లకే ఆయాసం వస్తుంది. అది చూసి మనం ఇంకా భయపడతాం.

గుండె సాగి పెద్దదైతే మైట్రల్ వాల్వు రెక్కలు బాగానే ఉన్నా ఒకదానికొకటి అందవు. ద్వారబంధం వెడల్పైతే తలుపుల మధ్య సందు మిగిలినట్టు. చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరంతో రెక్కలే చెడినవారి సంగతి వేరు, వారు తమ డాక్టరు మాటే వినాలి.

ఈ సందు ఎప్పుడూ ఒకేలా ఉండదు. శ్రమపడినప్పుడు కొందరిలో పెరుగుతుంది, కొందరిలో తగ్గుతుంది. పడుకోబెట్టి తీసిన ఎకోలో అది తెలియదు. ఊపిరితిత్తుల్లో హఠాత్తుగా నీరు చేరిన రోగులకు బెల్జియం వైద్యులు సైకిల్ తొక్కిస్తూ ఎకో తీస్తే, శ్రమలో లీకు బాగా పెరగడం కనిపించింది. 2004లో ఆ సంగతి ప్రచురించారు. అందుకే రిపోర్టులో లీకు కొంచెమే అని ఉన్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. మనవాళ్ళు అక్కడికెళ్ళి "బాగానే ఉన్నానండీ" అంటారు. మాకు కోపం వచ్చేది అక్కడే.

మరి వ్యాయామం? అమెరికా, కెనడా, ఫ్రాన్సులలో 2,331 మంది గుండె బలహీనత రోగులతో జరిగిన హెచ్‌ఎఫ్-యాక్షన్ పరిశోధన ఫలితాలు 2009లో వచ్చాయి. వ్యాయామం చేసినవారికి ప్రమాదం పెరగలేదు, రోజువారీ జీవితం కాస్త తేలికైంది. అద్భుతమేమీ కాదు. నడిస్తే లీకు పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. దాన్ని తగ్గించేది ముఖ్యంగా మందులు, కొందరికి క్లిప్పు లేదా ఆపరేషను. నడక కాళ్ళకు బలమిస్తుంది, దానివల్ల ఆయాసం తగ్గుతుంది.

డాక్టరు సరేనన్నాక నెమ్మదిగా మొదలుపెట్టండి. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట మధ్యలో ఊపిరికి ఆగాల్సివస్తే వేగం తగ్గించండి. వానలో బేర్ క్రీక్ పార్కు వద్దు, గిల్డ్‌ఫర్డ్ మాల్‌లో నడవండి. గుడిలో ప్రదక్షిణలూ లెక్కే. ఊపిరి బిగబట్టే కుంభకం, పెద్ద బరువులు ఎత్తడం మాత్రం వద్దు.

రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి. రెండు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నడక ఆపి క్లినిక్‌కు ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం అయితే 9-1-1. మామూలు సందేహాలకు 8-1-1లో నర్సు మాట్లాడతారు, ఇంగ్లీషు రాని అమ్మానాన్నల కోసం దుబాసీ కావాలని అడగండి.