ఎడమ బటన్ వదలకముందే

ఇవాళ డిజైన్ కోర్సు పట్టాలు అందుకుంటున్న మీకు, మిమ్మల్ని ఇంతదాకా చదివించి వెనుక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు నా అభినందనలు.

కరీంనగర్‌లో డీటీపీ పని చేసి బతికినవాణ్ని నేను. అందుకే ఒక్క చిన్న పని గురించే చెబుతాను. కోరెల్‌డ్రాలో గీసిన పువ్వును మౌస్ ఎడమ బటన్‌తో పట్టి లాగుతాం. వదలకముందే కుడి బటన్ నొక్కితే పాత పువ్వు ఉన్నచోటే ఉంటుంది, కొత్తది చేతికొస్తుంది. కంట్రోల్ పట్టుకుంటే వంకర పోకుండా అడ్డంగానో నిలువుగానో జరుగుతుంది. ఆ తర్వాత కంట్రోల్‌తో ఆర్ నొక్కినకొద్దీ అంతే ఎడంతో పూలు వరుస కడతాయి. ఇల్లస్ట్రేటర్‌లోనైతే ఆల్ట్ పట్టుకుని లాగుతారు. మీ వేళ్లకు ఇదంతా ఎప్పుడో అలవాటైంది.

ఈ పనే నాకు అన్నం పెట్టింది. ఒకసారి ఏడిపించింది కూడా. పెండ్లి కార్డులు, షీటుకు నాలుగు. మొదటి కార్డులో గురువారం బదులు బుధవారం అని కొట్టాను. చదవకుండానే లాగి కుడి బటన్ నొక్కాను. ఒక తప్పు నాలుగైంది, ప్రెస్సుకు వెళ్లి వెయ్యైంది. పెండ్లికూతురి తండ్రి నన్ను తిట్టలేదు. కార్డు మడిచి జేబులో పెట్టుకుని, "మల్ల కొట్టియ్యి బిడ్డా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మరువలేను.

చేతిపనిలో తప్పు ఇలా దాటిపోదు. మన వెండి తీగపని చూడండి. ఎలగందల నుంచి కరీంనగర్ చేరిన కళ, 2007లో భౌగోళిక గుర్తింపు పొందింది. వెండిని సన్నని తీగగా లాగి, రెండు పోగులు పేని, చదును చేసి, చుట్టలు చుట్టి, మందపాటి తీగ చట్రంలో అమర్చి అతుకుతారు. పళ్లెం అంచున ఇరవై రేకులుంటే ఇరవైసార్లూ ఆ చుట్ట చేత్తో చుట్టాల్సిందే. ప్రతి రేకూ కంటి కింద నుంచి పోతుంది, వంకరది అక్కడే పట్టుబడుతుంది. ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి బొమ్మల్లోనైతే రెండో కాపీయే లేదు. మట్టి మీద మైనం తీగలు చుట్టి, పైన మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాలి. 2018లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మన తెర మీద ఆ కాపలా లేదు. రెండో పువ్వును ఎవరూ చూడరు, మొదటిదాన్ని నమ్మేస్తారు. కాబట్టి బరువంతా ఆ మొదటిదాని మీదే.

1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లో మూల బొమ్మను దిద్దితే దాని నకళ్లన్నీ మారేవి. అప్పటికి మౌస్ లోకానికి కనబడనే లేదు, లైట్ పెన్నుతో గీసేవారు. నేటి క్లోన్, సింబల్ ఆ దారిలోవే. వాటిని శ్రద్ధగా నేర్చుకోండి. ఆ రోజు నేను క్లోన్ వాడి ఉంటే ఒక్కచోట దిద్దితే తెర మీది నాలుగు కార్డులూ మారేవి. అచ్చయిన వెయ్యీ మారేవి కావు.

ఆ రాత్రే నా ఖర్చుతో మళ్లీ అచ్చు వేయించాను. అచ్చుకు పంపేముందు ఆ తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని వారం, తిథి, ఇంటిపేర్లు పైకి చదివించాను. ఆయన వేలు తెర మీద చివరి అక్షరం దాటాకే కుడి బటన్ నొక్కాను.